వ్యాన్‌లో ఉంటూ స్నానం, శుభ్రత: తరచుగా అడిగే ప్రశ్నలు

మేమిద్దరం ఒక పాత టెంపో ట్రావెలర్‌ని ఇల్లు చేసుకుని తిరుగుతుంటాం. దారిలో కలిసినవాళ్లు వంట గురించీ నిద్ర గురించీ ఒకసారి అడిగి ఊరుకుంటారు. స్నానం గురించి మాత్రం ప్రతిచోటా అడుగుతారు, కొందరు పక్కకు పిలిచి మరీ అడుగుతారు. ఆ సందేహాలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాం. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. ఎక్కువ విషయాలు ఆంధ్ర, తెలంగాణ రోడ్లకు సంబంధించినవే.

## బయల్దేరే ముందు

ఇద్దరికి రోజుకు ఎన్ని నీళ్లు కావాలి?

ఇంట్లో బకెట్ స్నానానికి 15 నుంచి 20 లీటర్లు వాడేస్తాం. వ్యాన్‌లో ఒక మనిషికి 5 లీటర్లు చాలు, తలస్నానం అయితే 8 నుంచి 10 లీటర్లు. ముఖం, పళ్లు, చేతులు, గిన్నెలు కూడా కలుపుకుంటే ఇద్దరికి రోజుకు 25 లీటర్లు లెక్క వేసుకోండి. తాగే నీళ్లు వేరే. రెండు రోజులకు సరిపడా, అంటే 50 నుంచి 60 లీటర్లు ఎప్పుడూ బండిలో ఉంటే టెన్షన్ ఉండదు. అంతకు మించి మోయొద్దు. లీటరు నీళ్లంటే కిలో బరువు. పైకప్పు మీద 200 లీటర్ల ట్యాంకు పెట్టించుకుంటే ఘాట్ రోడ్డు మలుపుల్లో ఆ 200 కిలోలూ నెత్తి మీద ఊగుతాయి. నీళ్లు ఎప్పుడూ కిందే ఉండాలి, ముందు వెనక చక్రాల మధ్యలో.

ట్యాంకు పెట్టించాలా, బబుల్ టిన్లు సరిపోతాయా?

మా ఓటు టిన్లకే. 20 లీటర్ల టిన్ను చేత్తో పట్టుకుని ఏ కుళాయి దగ్గరికైనా వెళ్లొచ్చు. ట్యాంకు నింపాలంటే బండినే కుళాయి దగ్గరికి తీసుకెళ్లాలి, లేదా పొడవాటి పైపు కావాలి. టిన్ను లోపల పాచి పట్టిందో లేదో కంటికి కనిపిస్తుంది, అది కూడా మంచిదే. తాగే నీళ్ల టిన్లకూ స్నానం టిన్లకూ మూతల రంగు వేరుగా పెట్టుకోండి, చీకట్లో కూడా పొరపాటు పడరు.

నెలకోసారి ఖాళీ టిన్నులో నీళ్లు నింపి, 20 లీటర్లకు 3 గ్రాముల బ్లీచింగ్ పౌడర్, అంటే సుమారు అర టీస్పూన్ కలిపి రాత్రంతా ఉంచండి. పొద్దున ఆ నీళ్లు పారబోసి, మంచినీళ్లతో రెండుసార్లు కడిగితే పాచి, వాసన రెండూ పోతాయి.

వ్యాన్‌లోపలే బాత్రూం కట్టించుకుంటే పోలా?

ఓమ్నీ, ఈకో లాంటి బండిలో వద్దు. చోటు చాలదు. ట్రావెలర్ లాంటి పెద్ద బండి అయినా, చిన్నపిల్లలో పెద్దవాళ్లో మీతో ఉంటేనే ఆలోచించండి. బాత్రూం అంటే నాలుగు గోడలు కట్టేస్తే అయిపోదు. దాని వెంట తడి వస్తుంది. ఆ తడి ప్లైవుడ్‌లోకి దిగి ఉబ్బుతుంది, బూజు పడుతుంది, రేకు తుప్పు పడుతుంది. దానికి బదులు వెనక తలుపు పైకి ఎత్తి, దాని చుట్టూ ముదురు రంగు టార్పాలిన్ తెర వేలాడదీయండి. కింద ప్లాస్టిక్ టబ్బు పెట్టుకుని అందులో నిలబడి స్నానం చేయండి. నీళ్లు టబ్బులోనే పడతాయి, బండి తడవదు.

షవర్ కావాలంటే ఏం కొనాలి?

ఎరువుల దుకాణంలో దొరికే 5 లీటర్ల చేతి స్ప్రేయర్ మాకు తెలిసినంతలో అన్నిటికంటే చవక, అన్నిటికంటే నమ్మకం. గాలి కొట్టి మీట నొక్కితే సన్నటి ధార వస్తుంది, కరెంటు అక్కర్లేదు. కానీ అది కొత్తదే కొనాలి. పురుగుమందు ఒక్కసారి పోసిన స్ప్రేయర్‌ని ఎన్నిసార్లు కడిగినా ఒంటికి వాడొద్దు. ఇంకాస్త ఖర్చు పెట్టగలిగితే బకెట్‌లో ముంచే 12 వోల్టుల చిన్న పంపు కొనుక్కోవచ్చు. చెంబు ఉంటే ఈ రెండూ లేకపోయినా గడుస్తుంది.

వేణ్ణీళ్లు ఎలా కాచుకోవాలి? రాడ్డు పెట్టుకోవచ్చా?

రాడ్డు ఇంటికి బాగుంటుంది. 1500 వాట్ల రాడ్డును 12 వోల్టుల బ్యాటరీ మీద ఇన్వర్టర్‌తో నడిపితే 125 ఆంపియర్లకు పైనే లాగుతుంది. వైర్లు వేడెక్కి కాలే ప్రమాదం ఉంది, బ్యాటరీ కూడా చూస్తుండగానే పడిపోతుంది.

స్నానం నీళ్లన్నీ కాచే పని లేదు. ఒక పాలు సలసల మరిగిన నీళ్లకు మూడు పాళ్లు చన్నీళ్లు కలిపితే ఒంటికి సరిపోయే వేడి వస్తుంది. అంటే 5 లీటర్ల స్నానానికి లీటరుంబావు కాస్తే చాలు. 5 కిలోల చిన్న సిలిండర్, ఒక స్టవ్ ఉంటే కాసేపట్లో అయిపోతుంది. బకెట్‌లో ముందు చన్నీళ్లు పోసి, ఆ తర్వాతే మరిగినవి కలపండి. ఎండాకాలంలో నల్లటి క్యాన్ నింపి బండి పైన పెడితే మూడు నాలుగు గంటల్లో అదే కాగుతుంది. మే నెల ఎండకు మరీ వేడెక్కుతుంది, చెయ్యి పెట్టి చూసుకుని పోసుకోండి.

స్టవ్ వెలిగించినప్పుడు తలుపు తెరిచే ఉంచాలి. మూసిన బండిలో మంట వెలిగితే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. గ్యాస్ గీజర్‌ని బండిలోపల బిగించుకునే ఆలోచన అసలు పెట్టుకోవద్దు.

## రోజువారీ

5 లీటర్లతో నిజంగా ఒళ్లు శుభ్రమవుతుందా?

అవుతుంది. వరస మారితే చాలు. ముందు అర లీటరు నీళ్లతో పల్చటి తువాలు తడిపి, పిండి, ఒళ్లంతా గట్టిగా తుడవండి. మట్టి, చెమట ఉప్పు అక్కడే సగం వదిలిపోతాయి. తర్వాత మెడ, చంకలు, గజ్జలు, పిరుదులు, పాదాలకు సబ్బు పెట్టండి. చేతులకూ వీపుకూ రోజూ సబ్బు అక్కర్లేదు. ఇప్పుడు చిన్న చెంబుతో మెడ దగ్గర నుంచి సన్నగా పోసుకుంటూ రెండో చేత్తో రుద్దుకోండి. పెద్ద మగ్గుతో గుమ్మరించుకుంటే నీళ్లు ఒంటి మీద నుంచి జారిపోతాయే తప్ప సబ్బు వదలదు. చివరి లీటరు పాదాలకు మిగుల్చుకోండి.

షవర్ జెల్, బాగా నురగ వచ్చే సబ్బులు వ్యాన్‌కు పనికిరావు, కడగడానికే నీళ్లన్నీ అయిపోతాయి. శనగపిండి నలుగు పండగపూట ఇంట్లో బాగుంటుంది. ఇక్కడ టబ్బు అడుగున పేరుకుని సాయంత్రానికి పులిసిన కంపు కొడుతుంది.

స్నానం కంటే ముఖ్యమైనది తుడుచుకోవడం. గజ్జలు, చంకలు, కాలివేళ్ల సందులు పొడిగా అయ్యాకే బట్టలు వేసుకోండి. వ్యాన్‌లో వచ్చే చర్మం జబ్బులు చాలావరకు మిగిలిపోయిన తడి వల్ల వచ్చేవే.

స్నానం కుదరని రోజు ఏం చేయాలి?

అర లీటరు నీళ్లు, ఒక చేతి తువాలు తీసుకోండి. ముఖం, మెడ, చంకలు, గజ్జలు, పాదాలు, ఇదే వరసలో తుడుచుకోండి. పాదాల దగ్గర నుంచి పైకి రావొద్దు. లోదుస్తులు, బనియన్ తప్పకుండా మార్చండి. పడుకునే ముందు ఇది చేస్తే పరుపు కూడా శుభ్రంగా ఉంటుంది. నీళ్లు లేవని మొత్తానికే ఎగ్గొట్టడం అలవాటు చేసుకోవద్దు. రెండు రోజులు అలా గడిస్తే మూడో రోజు అదేమంత పెద్ద విషయంగా అనిపించదు, ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

వెట్ వైప్స్‌తో గడిపేయొచ్చా?

అత్యవసరానికి ఒక ప్యాకెట్ ఉంచుకోండి. రోజూ వద్దు. చాలా వైప్స్‌లో ప్లాస్టిక్ పోగులు ఉంటాయి, మట్టిలో కలవవు, టాయిలెట్‌లో వేస్తే పైపు మూసుకుపోతుంది. సెంటు కలిపినవి సున్నితమైన చోట మంట పెడతాయి.

పొడుగు జుట్టుకు తలస్నానం ఎలా?

వారానికి ఒకటి రెండుసార్లు, నీళ్లు ధారాళంగా దొరికే చోటే పెట్టుకోండి. కుంకుడుకాయ, శీకాయ జుట్టుకు మంచివే, కానీ పొట్టు, పిండి వదలాలంటే నీళ్లు చాలా కావాలి. పల్చటి షాంపూని ఒక కప్పు నీళ్లలో ముందే కలిపి, కుదుళ్లకే పట్టించండి. జడ అల్లుకుని చున్నీ కట్టుకుంటే దుమ్ము చాలావరకు పట్టదు. నూనె తగ్గించండి, దుమ్ము దానికే అంటుకుంటుంది.

ఊరు దొరికినప్పుడు బ్యూటీ పార్లర్‌లో హెయిర్ వాష్ చేయించుకోవడం మా ఇంటావిడకు బాగా నచ్చిన పద్ధతి. మగవాళ్లకు సెలూన్ ఉంది.

సబ్బు నీళ్లు ఎక్కడ పోయాలి?

మురుగు కాలువలో గానీ, టాయిలెట్‌లో గానీ. అవి లేని చోట చెరువుకు, బావికి, వాగుకు కనీసం 60 మీటర్ల దూరంలో, పొడి నేల మీద చల్లినట్టు పోయండి. ఒకేచోట గుమ్మరిస్తే బురదై దోమలు చేరతాయి. రోడ్డు పక్క బండి ఆపినప్పుడు ఎవరి ఇంటి ముందూ, ఎవరి దుకాణం ముందూ పోయొద్దు. మనం పొద్దున్నే వెళ్లిపోతాం, ఆ తడి వాళ్లకు మిగులుతుంది.

మరి టాయిలెట్?

పగలు బంకులు, టోల్ ప్లాజాలు, హోటళ్లు ఉంటాయి. జాతీయ రహదారుల అథారిటీ వాళ్ల రాజ్‌మార్గ్ యాత్ర యాప్‌లో దారిలోని సౌకర్యాలు కనిపిస్తాయి, ఫిర్యాదుకు 1033 నంబరుంది. రాత్రికి మూత గట్టిగా పడే బకెట్, అందులో దళసరి కవరు, పైన చల్లడానికి రంపపు పొట్టు ఉంచుకోండి. వాడిన ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోవాలి. స్నానం నీళ్లలో పొదుపు చేయొచ్చు, చేతులు కడుక్కునే నీళ్లలో మాత్రం చేయొద్దు.

## స్నానానికి చోటు

పెట్రోల్ బంకులో స్నానం చేయనిస్తారా?

టాయిలెట్, తాగునీళ్లు, టైర్లకు గాలి ప్రతి బంకులోనూ ఉచితంగా ఇవ్వాలి. స్నానం ఆ లెక్కలోకి రాదు, అది వాళ్ల మంచితనం. జాతీయ రహదారి మీద లారీలు ఆగే పెద్ద బంకుల్లో స్నానాల గదులు ఉంటాయి. లారీ డ్రైవర్ల కోసం ఆయిల్ కంపెనీలు పెట్టిన అప్నా ఘర్ కేంద్రాల్లో మంచాలు, స్నానాల గదులు, వంట చేసుకునే చోటు ఉంటాయి. అక్కడ మొదటి హక్కు డ్రైవర్లదే. రాత్రంతా స్టీరింగ్ పట్టుకుని వచ్చిన మనిషి వరసలో ఉంటే ముందు ఆయన్ని వెళ్లనివ్వండి.

డీజిల్ కొట్టించాక అడిగితే పని సులువు. పొద్దున 5 నుంచి 6 మధ్య రద్దీ తక్కువ. వెళ్లేముందు గది కడిగి రండి.

ధాబాల్లో?

భోజనం చేస్తే చాలాచోట్ల కాదనరు. వెనక సిమెంటు తొట్టి, చెంబు ఉంటాయి. మగవాళ్లు లుంగీ కట్టుకుని కానిచ్చేయొచ్చు, ఆడవాళ్లకు అక్కడ చాటు ఉండదు.

రైల్వే స్టేషన్, బస్టాండ్ పనికొస్తాయా?

పెద్ద బస్టాండ్లలో డబ్బులిచ్చి స్నానం చేసే గదులు ఉంటాయి. రైల్వే వెయిటింగ్ హాళ్లు టికెట్ ఉన్న ప్రయాణికుల కోసమే, ప్లాట్‌ఫాం టికెట్‌తో వాడుకుందామనుకోవద్దు. పట్టణాల్లో సులభ్ కాంప్లెక్సులు నమ్మదగ్గవి. 1970లో బిందేశ్వర్ పాఠక్ మొదలుపెట్టిన సంస్థ అది, కొద్దిపాటి రుసుముతో స్నానం అయిపోతుంది. చెప్పులు, చిల్లర, తలుపుకు తగిలించుకోవడానికి ఒక కొక్కెం తీసుకెళ్లండి.

గుళ్లు, సత్రాల్లో అడగొచ్చా?

నిస్సంకోచంగా. యాత్రికుడికి స్నానం ఏర్పాటు చేయడం మన క్షేత్రాల్లో ఎప్పటి నుంచో ఉన్నదే. తిరుమలలో పీఏసీ అని పిలిచే వసతి సముదాయాల్లో లాకరు, స్నానాల గది ఉచితం. క్షేత్రాల్లో బకెట్ లెక్కన వేణ్ణీళ్లు అమ్మేవాళ్లు కనిపిస్తారు. నాందేడ్ హజూర్ సాహిబ్, బీదర్ నానక్ ఝీరా గురుద్వారాల్లో యాత్రీ నివాసాలున్నాయి. తలకు గుడ్డ కట్టుకోవాలి, సిగరెట్, మందు ఆ ఆవరణలోకే రాకూడదు. ఎక్కడైనా హుండీలో ఎంతోకొంత వేసి రండి.

పొలం బోరు దగ్గర స్నానం చేయొచ్చా?

రైతును అడిగాకే. "అన్నా, మోటారు వేసినప్పుడు కాస్త స్నానం చేసుకుంటాం" అంటే మాకు కాదన్నవాళ్లు తక్కువ. చాలామంది తర్వాత టీ కూడా ఇస్తారు. మనిషి లేనప్పుడు దిగొద్దు. ఆంధ్రలో వ్యవసాయానికి 9 గంటలే కరెంటు ఇస్తారు కాబట్టి మోటారు ఎప్పుడు ఆడుతుందో కూడా ఆయన్నే అడగాలి. తడి చేతులతో స్టార్టర్ పెట్టెను, వైర్లను తాకొద్దు, ఏటా పొలాల్లో ఎందరో షాక్‌తోనే పోతున్నారు. సబ్బు వాడేటట్టయితే నీళ్లు టిన్నులో పట్టుకుని గట్టు అవతలికి వెళ్లండి.

నదిలో, వాగులో దిగొచ్చా?

ఊరివాళ్లు స్నానం చేసే రేవులోనే, వాళ్లు ఉన్నప్పుడే దిగండి. రాజమండ్రి, భద్రాచలం, బాసర లాంటి చోట్ల కట్టిన ఘాట్లు ఉన్నాయి, మెట్ల మీదే కూర్చుని చెంబుతో పోసుకోండి. సబ్బు, షాంపూ నీళ్లలో కలపొద్దు.

డ్యాముకు దిగువన ఉన్న నది విషయంలో మేం చాలా కఠినంగా ఉంటాం. పైన వాన లేకపోయినా, ఆకాశం నిర్మలంగా ఉన్నా, గేట్లు ఎత్తితే నిమిషాల్లో నీళ్లు పెరుగుతాయి. 2014 జూన్‌లో హిమాచల్‌లోని బియాస్ నదిలో, లార్జి డ్యాం నుంచి వదిలిన నీళ్లకు హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. బండరాళ్ల మీద నిలబడి ఉన్నవాళ్లకు ఒడ్డుకు రావడానికి కూడా సమయం దొరకలేదు. స్నానం కోసం అలాంటి చోట దిగే అవసరం ఎవరికీ లేదు. టిన్నుతో నీళ్లు తెచ్చుకుని ఒడ్డున చేయండి.

సముద్రస్నానం చేస్తే మళ్లీ మంచినీళ్లు పోసుకోవాలా?

తప్పకుండా, రెండు లీటర్లయినా. ఉప్పు ఒంటిమీద ఆరితే దురద, ఒరుపు వస్తాయి. విశాఖ రుషికొండ బీచ్‌కు 2020లో, శుభ్రంగా ఉండే బీచ్‌లకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది, అక్కడ స్నానం చేయడానికి, బట్టలు మార్చుకోవడానికి గదులున్నాయి.

అమెరికాలో వ్యాన్‌లో ఉంటున్న మావాళ్లకు ఏం చెప్పమంటారు?

ప్లానెట్ ఫిట్‌నెస్ లాంటి జిమ్‌లో పై స్థాయి సభ్యత్వం తీసుకుంటే ఏ ఊళ్లోని శాఖలోనైనా షవర్ వాడుకోవచ్చు. పైలట్, లవ్స్ ట్రక్ స్టాపుల్లో డబ్బు కడితే తాళం వేసుకునే గది, తువాలు ఇస్తారు. వాడిన నీళ్లు రోడ్డు మీద వదలకూడదు, ఇలాంటి బండ్ల మురుగు పారబోయడానికి ఉండే డంప్ స్టేషన్‌లోనే పోయాలి.

## ఆడవాళ్ల సందేహాలు

చాటు, భద్రత ఎలా?

తెర ముదురు రంగుదే ఉండాలి. లోపల లైటు వెలిగిస్తే పల్చటి గుడ్డ మీద నీడ పడుతుంది, కాబట్టి లైటు ఆర్పి, వెలుతురు ఉండగానే ముగించండి. నైటీ లేదా మెడ దగ్గర ముడి వేసుకునే పెద్ద లంగా ఒంటి మీద ఉంచుకునే స్నానం చేయొచ్చు, మన అమ్మమ్మలు ఏటి రేవుల్లో చేసిన పద్ధతి అదే. బయటి స్నానాల గదిలోకి వెళ్తే వెంటిలేటర్లు, కన్నాలు, ఫోను దాచడానికి వీలున్న మూలలు ఒకసారి చూసుకోండి. మనసుకు ఏమాత్రం తేడా అనిపించినా వెనక్కి వచ్చేయండి, ఎవరికీ కారణం చెప్పక్కర్లేదు. వారానికోసారి లాడ్జిలో కొన్ని గంటలకు గది తీసుకోవడం దుబారా కాదు.

నెలసరి రోజుల్లో?

మెన్‌స్ట్రువల్ కప్పు, అంటే ప్యాడ్‌కు బదులు లోపల పెట్టుకుని, కడిగి మళ్లీ వాడే మెత్తటి కప్పు, అలవాటైతే వ్యాన్ జీవితానికి అంతకంటే మంచిది లేదు. 12 గంటల వరకు ఉంచుకోవచ్చు, చెత్త ఉండదు. నెలసరికి ముందు, తర్వాత 5 నిమిషాలు నీళ్లలో మరిగించాలి, దానికో గిన్నె వేరే పెట్టుకోండి. తీసే ముందు, పెట్టే ముందు చేతులు కడగాలి. అలవాటు ఇంట్లో ఉండగానే చేసుకోండి, రోడ్డు మీద మొదటిసారి వద్దు. ప్యాడ్లు వాడితే కాగితంలో చుట్టి, మూత ఉన్న డబ్బాలో ఉంచి, ఊళ్లో చెత్తబండికి విడిగా ఇవ్వండి. గుడ్డ ప్యాడ్లయితే ఎండలో ఆరాలి, చాటుగా నీడలో ఆరేస్తే ప్రయోజనం లేదు.

టాయిలెట్ దొరకదని నీళ్లు తాగడం తగ్గించాను, ఫర్వాలేదా?

ఫర్వాలేదని మేం అనం. నీళ్లు తగ్గించి, మూత్రం ఆపుకుంటే ఇన్ఫెక్షన్ రావడానికి దారి ఇచ్చినట్టే. బండిలో రాత్రి బకెట్‌ని పగలు కూడా వాడండి, కిటికీలకు తెరలు వేసుకుంటే చాలు. మంట, మాటిమాటికీ రావడం, జ్వరం, నడుం పక్కన నొప్పి కనిపిస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

## ఎండ, వాన, చలి

ఎండాకాలం చెమటకాయలు, గజ్జల్లో తామర. ఏం చేయాలి?

చెమటకాయలకు చల్లటి నీళ్లు, వదులు నూలు బట్టలు, గాలి చాలు. మధ్యాహ్నం బండిని చెట్టు నీడకు చేర్చి, ఎదురెదురు కిటికీలు తెరవండి.

తామర వేరు. గుండ్రంగా ఎర్రటి అంచుతో దురద పెడితే మందుల షాపులో అడిగి ఏదో ఒక క్రీము రాయొద్దు. క్లోబెటసాల్, బీటామెథాసోన్ లాంటి స్టెరాయిడ్ కలిసిన క్రీములు రెండు రోజుల్లో దురద తగ్గిస్తాయి, లోపల తామర మాత్రం పాకుతూనే ఉంటుంది. మన దేశంలో తామర ఇంత మొండిగా మారడానికి వీటి వాడకం ఒక పెద్ద కారణం. చర్మ వైద్యుడికి చూపించి, చెప్పినన్ని రోజులూ మందు వాడండి. ఒకరికొస్తే ఇద్దరి తువాళ్లు, దుప్పట్లు వేణ్ణీళ్లలో ఉతకాలి, తువాలు ఎప్పుడూ ఎవరిది వాళ్లదే.

లంబసింగి, అరకు చలిలో రోజూ స్నానం చేయాలా?

అక్కర్లేదు. చెమట తక్కువ కాబట్టి తడి తువాలుతో తుడుచుకుంటే సరిపోతుంది. స్నానం మధ్యాహ్నం ఎండలో పెట్టుకోండి, తర్వాత కొబ్బరినూనె రాసుకుంటే చర్మం పగలదు.

వానాకాలం తడి బట్టలు ఎక్కడ ఆరేయాలి?

బండి లోపల తాడు కట్టి ఆరేస్తే ఆ తడంతా పరుపుకు ఎక్కుతుంది. లాండ్రీలో కిలో లెక్కన ఉతికి, ఆరబెట్టి ఇచ్చేచోట వేసేయండి. టర్కీ తువాళ్లు ఇంట్లో వదిలేసి పల్చటి నూలు తువాళ్లే తెచ్చుకోండి, గంట గాలికి ఆరిపోతాయి.

## బట్టలు, పరుపు, వాసన

బట్టలు ఉతకడానికి నీళ్లు చాలడం లేదు, ఎలా?

మూత బిగుతుగా పడే 20 లీటర్ల పెయింట్ డబ్బా తీసుకోండి. బట్టలు, కొద్దిగా సర్ఫ్, 6 లీటర్ల నీళ్లు వేసి మూత పెట్టి బండి నడపండి. గతుకుల రోడ్డు ఉతికే పని చేసిపెడుతుంది. ఆగిన చోట పిండి, మరో 6 లీటర్లతో జాడిస్తే చాలు. లోదుస్తులు మాత్రం రోజువారీ స్నానంతో పాటే ఉతుక్కోండి.

ఎంత శుభ్రంగా ఉన్నా బండిలో ముక్క వాసన వస్తోంది, ఎందుకు?

పరుపు కింద చూడండి. నిద్రలో ఒంటి వేడికి, ఊపిరికి పుట్టిన తేమ చల్లటి పలక మీద చేరి బూజు పడుతుంది. పరుపు కింద గాలి ఆడేలా చెక్క పట్టీలు వేయించండి. కర్పూరం, సెంటు, నాఫ్తలీన్ ఉండలు వాసనను కప్పుతాయి తప్ప తీసేయవు. మూసిన బండిలో నాఫ్తలీన్ ఆవిరి పీల్చడం ఆరోగ్యానికి చెరుపు, చిన్నపిల్లలుంటే అసలు వద్దు. వారానికోసారి పరుపు, దిండ్లు బయట ఎండలో వేసి, రెండు వైపులా తిప్పి, ఆ కాసేపు బండి తలుపులన్నీ బార్లా తెరిచి ఉంచండి.